నానమ్మ కుర్చీ, ఓజు చాప

ప్రశ్న:

సార్, నమస్తే. మాది కొత్తగూడెం. నాలుగేళ్ళుగా హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటూ అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నా. పోయినేడు మా నానమ్మ మీద 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశా. లింకు పంపుతున్నా, వీలైతే చూడండి. యూట్యూబ్‌లో పెట్టాక రెండు నెలలు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఉన్నట్టుండి అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. పాడ్‌కాస్టులకు పిలిచారు, పేపర్లో ఫొటో వేశారు.

అంతలో ఒకాయన నా ఫ్రేములు నాలుగు, జపాన్ డైరెక్టర్ యసుజిరో ఓజు ఫ్రేములు నాలుగు పక్కపక్కన పెట్టి ‘కాపీ’ అని పోస్టు చేశాడు. నిజం చెప్తున్నా సార్, ఓజు నాకు ప్రాణం. కానీ షూటింగ్‌లో ఆ ఫ్రేములు ముందు పెట్టుకుని తీయలేదు. తర్వాత పక్కపక్కన చూస్తే మాత్రం నాకే సిగ్గేసింది. అప్పటినుంచి 7 నెలలు, ఒక్క సినిమా కూడా చూడలేదు. తలలో ఉన్నవన్నీ దిగిపోతే నాది అనేది ఏదో మిగులుతుందని ఆశ. ఏమీ మిగల్లేదు. రాయడానికి కూర్చుంటే ఒక్క సీను రావట్లేదు.

ఇంకోటి. అందరూ నన్ను ‘రూటెడ్ డైరెక్టర్’, అంటే సొంత నేలలో వేళ్ళున్న డైరెక్టర్ అంటున్నారు. మా నాన్నది వరంగల్ వైపు, అమ్మది నూజివీడు. ఇంట్లో రెండు మాటలూ కలిసే ఉంటాయి. నేను సింగరేణి క్వార్టర్స్‌లో పెరిగా, ఇంగ్లిష్ మీడియంలో చదివా. కానీ మైకు ముందు కూర్చుంటే నాకు తెలియకుండానే యాస పెంచి మాట్లాడుతున్నా. మా అమ్మ ఆ వీడియో చూసి ‘ఎవరే ఈ పిల్ల?’ అంది. నవ్వుతూనే అంది, కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడొక నిర్మాత పిలిచి అడ్వాన్సు ఇస్తానంటున్నారు. ‘అదే ఫ్లేవర్, అలాంటి నానమ్మే, ఈసారి రెండు గంటలు’ అన్నారు. మూడు సినిమాలకు అగ్రిమెంటు. రూము అద్దె రెండు నెలలది బాకీ ఉంది. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా,

నీ సినిమా మూడుసార్లు చూశాను. మొదటిసారి అందరిలాగే. రెండోసారి సౌండ్ తీసేసి. మూడోసారి ఫోను బోర్లా పెట్టి, బొమ్మ లేకుండా వట్టి ట్రాక్ విన్నాను. ముప్పై ఏళ్ళు ఎడిటింగ్ రూముల్లో బతికినవాడికి ఇదొక జబ్బు, పోదు. ఆ మూడోసారే నీకు జవాబు రాయాలనిపించింది. ఎందుకో చెప్తాను గానీ, ముందు ఆ నాలుగు ఫ్రేముల సంగతి చూద్దాం.

ఆ పోస్టు పెట్టినాయన అబద్ధమాడలేదు. ఆ ఫ్రేములు ఓజువే. గుమ్మంలోంచి ఇంకో గుమ్మం, ఆ లోపల మనిషి. మనిషి లేచి వెళ్ళిపోయాక కూడా ఖాళీ గదిని చూస్తూ కదలని కెమెరా. నేలకు బాగా దగ్గరగా పెట్టిన లెన్సు. 1953లో వచ్చిన ‘టోక్యో స్టోరీ’ చూసినవాళ్ళెవరైనా ఇట్టే పట్టేస్తారు. చూసి పెట్టావా, చెయ్యి అలవాటుగా అటు తిరిగిందా అన్నది నీకే తెలియాలి. నేను నిన్ను నమ్ముతున్నాను. ఆయన అసలు అడగాల్సిన ప్రశ్న అడగలేదు కాబట్టి నేనడుగుతాను. మీ నానమ్మ దేని మీద కూర్చుంది?

నాలుగో నిమిషం మళ్ళీ పెట్టి చూడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. నీలం కుర్చీ, ఒక చెయ్యి విరిగింది. కెమెరా మాత్రం నేల మీద ఉంది. ఓజు కెమెరాను అంత కిందికి ఎందుకు దింపాడన్న దానికి పండితులు రకరకాల కారణాలు చెప్తారు. నాలాంటి మామూలు ప్రేక్షకుడికి తెలిసేది ఒక్కటే. ఆ ఇళ్ళలో జనం తతామీ చాపల మీద మోకాళ్ళు మడిచి కూర్చుంటారు. కూర్చున్న పెద్దాయనతో మాట్లాడాలంటే మనమూ కూర్చోవాలి కదా, ఆ కెమెరా కూర్చుంది. నువ్వు అదే ఎత్తు తెచ్చి, కుర్చీలో ఉన్న మనిషి ముందు పెట్టావు. దాంతో ఏమైంది? మోకాళ్ళు పెద్దవయ్యాయి, ముఖం చిన్నదైంది, నానమ్మ గుళ్ళో విగ్రహంలా పైకి లేచింది. ఆ సీనులో ఆవిడ అడిగేదేమో ‘ఉల్లిగడ్డలు అయిపోయినయా?’ అని. ఉల్లిగడ్డలు అడగడానికి విగ్రహమెందుకమ్మా?

నీ తప్పు అదీ. ఓజు దగ్గర తీసుకున్నావని నేను అననే అనను. కుర్చీని చూడకుండా చాపను తెచ్చావు, అంతే. పదమూడో నిమిషానికి వెళ్ళు. నానమ్మ కత్తిపీట ముందేసుకుని కింద కూర్చుంటుంది. కెమెరా అక్కడా అదే ఎత్తులో ఉంది. కానీ ఎంత హాయిగా ఉందో చూడు! ఆవిడ వంకాయ తరిగి నీళ్ళగిన్నెలో వేస్తుంటే నాకు మా అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంది. అదీ ఓజు దగ్గర నేర్చుకున్నదే. ఆ షాటును మాత్రం ఆ పోస్టాయన పక్కపక్కన పెట్టలేకపోయాడు.

ఇక నువ్వు సినిమాలు చూడ్డం మానేయడం గురించి. 1950లో సత్యజిత్ రాయ్ కలకత్తాలో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. కంపెనీ ఆయన్ని లండన్ పంపింది. అక్కడున్న ఆరు నెలల లోపు ఆయన దాదాపు వంద సినిమాలు చూశాడు. నువ్వేమో ఏడు నెలల్లో సున్నా. ఆ వందలో ఒకటి ఇటలీ దర్శకుడు డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’. అది చూశాకే, స్టూడియో లేకుండా, పేరున్న నటులు లేకుండా, బయట వెలుతురులో తాననుకున్న సినిమా తీయొచ్చని ఆయనకు గట్టి ధైర్యం వచ్చింది. అంతకుముందు ఫ్రెంచి దర్శకుడు రెన్వార్ కలకత్తా వచ్చి సినిమా తీస్తుంటే వెనకాలే తిరిగాడు. రెన్వార్ ఆయనకిచ్చిన సలహా, ఒంట్లోంచి హాలీవుడ్‌ను దులిపేసుకోమని. రాయ్ తన సినిమా తాను తీశాడు గానీ, హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ మీద ఇష్టం మాత్రం చివరిదాకా వదులుకోలేదు. 1955లో వచ్చిన ‘పథేర్ పాంచాలి’లో నువ్వు డి సికాను వెతికితే ఏం దొరుకుతుంది? సైకిలు దొరకదు. రోమ్ వీధులు దొరకవు. ఒక పిల్లవాడు పెద్దవాళ్ళ ముఖాల్లోకి చూసే చూపు దొరకొచ్చు. రాయ్ అక్కణ్ణుంచి తెచ్చుకుంది ముఖ్యంగా ధైర్యమే. దాన్ని పక్కపక్కన పెట్టి పోస్టు చేయడం కష్టం.

నిన్ను ‘రూటెడ్’ అంటున్నారు కాబట్టి రాయ్ గురించి ఇంకొంచెం. ఆయన కలకత్తాలో పుట్టి కలకత్తాలో పెరిగినవాడు. తాత, తండ్రి పుస్తకాలు రాసి, బొమ్మలేసి, సొంత ప్రెస్సు నడిపిన ఇల్లు. పల్లెటూరు ఎలా ఉంటుందో ఆయనకు పెద్దగా తెలియదు. ఆ సినిమాకు మూలమైన బిభూతిభూషణ్ నవల చదివి, దాని పిల్లల ఎడిషన్‌కు బొమ్మలు వేసి, ఆ తర్వాత కలకత్తా పక్కన బోరాల్ అనే ఊళ్ళో సినిమా తీస్తూ తీస్తూ నేర్చుకున్నాడు. 1952 అక్టోబరులో మొదటిరోజు షూటింగ్ తెల్లని రెల్లుపూల పొలంలో. ఉద్యోగం ఉంది కాబట్టి మళ్ళీ ఆదివారానికే వెళ్ళారు. వెళితే పూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్ళీ పూలు పూసేదాకా, అంటే ఏడాది, ఆ సీను ఆగిపోయింది. రెల్లుపువ్వు పశువులకు మేత అని పల్లెలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకు ఒక ఏడాది ఖర్చు పెడితే గానీ తెలియలేదు. పల్లె మీద మన దేశంలో వచ్చిన గొప్ప సినిమాల్లో ఒకటి, పల్లె తెలియనివాడు తీశాడు. తెలియదని ఆయనకు తెలుసు కాబట్టి ప్రతిదీ కళ్ళు పెట్టి చూశాడని నా అనుమానం. తెలుసనుకున్నవాడు అంత చూడడు.

ఇంకా విచిత్రం ఓజుది. పరదేశాలకు అమ్మడానికి పనికిరాడు, మరీ జపాన్ మనిషి అని చాలాకాలం అనుకున్నారు. ఇంకో జపాన్ దర్శకుడు కురొసావా పేరు వెనిస్ చిత్రోత్సవం దాకా వెళ్ళిన చాలా ఏళ్ళకు గానీ ఓజు బయటివాళ్ళకు అందలేదు. ఎక్కువమంది ఆయన సినిమాలు చూసింది 1963లో ఆయన పోయాకే. అంత ‘రూటెడ్’ మనిషి కుర్రతనంలో పిచ్చిగా చూసినవి ఏమిటనుకున్నావు? అమెరికన్ సినిమాలు. తొలినాళ్ళలో తీసిన సినిమాల్లో గోడల మీద హాలీవుడ్ పోస్టర్లు కనిపిస్తాయి. ‘టోక్యో స్టోరీ’కి కూడా 1937 నాటి ఒక అమెరికన్ సినిమా ప్రేరణ. పిల్లలకు బరువైపోయిన ముసలి దంపతుల కథ అది. ఓజుతో కలిసి స్క్రిప్టు రాసిన కోగో నోడాకు ఆ సినిమా తెలుసు. అంటే నీ మీద కాపీ అని వేసిన ఆ నాలుగు ఫ్రేముల వెనకాల ఇంకెవరివో అడుగులు ఉన్నాయి. ఆ వెనకాల ఇంకెవరివో.

మన దగ్గరికి వద్దాం. బాపు మొదటి సినిమా ‘సాక్షి’, 1967. ముళ్ళపూడి వెంకటరమణ కథ. దాని వెనకాల 1952లో వచ్చిన ‘హై నూన్’ ఉందని సినిమావాళ్ళందరికీ తెలుసు. అక్కడ చంపడానికి ఒకడు వస్తున్నాడు, ఊరు తలుపులు వేసుకుంటుంది, ఒంటరిగా నిలబడ్డ మనిషి నడుముకు తుపాకీ ఉంది, అది వాడి ఉద్యోగం. ఇక్కడా ఒకడు చంపడానికి వస్తున్నాడు, ఊరు తలుపులు వేసుకుంటుంది. కానీ ఒంటరిగా నిలబడ్డవాడు గోదావరి పక్క పల్లెలో ఓ అమాయకుడు. తుపాకీ లేదు, ధైర్యమూ లేదు. చూసింది చూసినట్టు సాక్ష్యం చెప్పాడు, అదే వాడు చేసిన నేరం. ఆ ఒక్క మార్పుతో కథ మొత్తం మన ఊరిదైపోయింది. పులిదిండిలో, నిజమైన ఇళ్ళ మధ్య తీశారు. తలుపులు వేసుకున్న ఆ ఊరి పెద్దమనుషులు నాకు తెలిసినవాళ్ళలాగే ఉంటారు. అందులో ఇద్దరు మా మేనమామలు.

బాపు అంటే గుర్తొచ్చింది. మా చిన్నతనంలో మా ఊళ్ళో ఓ పదిమందిమి బాపు అక్షరాలు కాపీ కొట్టేవాళ్ళం. నేను మా బావ పెళ్ళి శుభలేఖ మొత్తం ఆ వంపులతో రాసి అచ్చుకిచ్చాను. ‘శ్రీరస్తు’ రాయడానికి నాలుగు రోజులు పట్టింది. పెళ్ళికి వచ్చినవాళ్ళు ‘బాపు గారితో రాయించారా?’ అనడిగితే నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ మౌనం గురించి ఇప్పటికీ కొంచెం సిగ్గు పడతాను. కాపీ కొట్టినందుకు మాత్రం కాదు. రెండేళ్ళు అలా రాసేసరికి వంపులు వాటంతటవే అరిగిపోయాయి. ఆ మణికట్టు నాది కదా, ఎంతకాలం ఇంకొకరిలా తిరుగుతుంది! ఇప్పుడు నా రాతలో ‘శ్రీ’ ఒక్కటే బాపుది, మిగతాది నాది. ఆ రెండేళ్ళు లేకపోతే నాదంటూ ఒక రాత ఉండేది కాదేమో.

మరి దొంగతనం అనేదే లేదా అంటావా? ఉంది. 1961లో కురొసావా ‘యొజింబో’ తీశాడు. 1964లో ఇటలీవాడు సెర్జియో లియోనె దాన్ని వరసగా, కథకు కథ, సీనుకు సీను ఎత్తి కౌబాయ్ సినిమా చేశాడు. చెప్పలేదు, అడగలేదు. కురొసావా పక్షం ఊరుకోలేదు. చివరికి ప్రపంచమంతటా వచ్చిన వసూళ్ళలో 15 శాతం, జపాన్ వంటి కొన్ని దేశాల పంపిణీ హక్కులు ఇచ్చి బయటపడ్డారు. అలాగని లియోనె సొంత దారి లేనివాడా? ఆ ముఖాల క్లోజప్పులు, ఆ నిశ్శబ్దాలు ఇంకెవరూ తీయలేరు. అటు కురొసావా కూడా తన కథకు ఒక అమెరికన్ క్రైమ్ కథ దారి చూపిందని చెప్పుకున్నాడు. తేడా అంతా ఆ చెప్పుకోవడంలోనే ఉంది. నువ్వు ఎవరి కథా ఎత్తలేదు. కెమెరా పెట్టే ఎత్తుకు ఎవరూ వసూళ్ళలో వాటా అడగరు. కానీ పాడ్‌కాస్టులో ‘మీ మీద ఎవరి ప్రభావం ఉంది?’ అనడిగితే ‘మా నానమ్మదే’ అని తప్పించుకున్నావు. నేను విన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజే ‘నానమ్మ, ఓజు’ అనుంటే పాపం ఆ పోస్టాయనకు పనుండేది కాదు.

సరే, ఇప్పుడు ఆ మూడోసారి సంగతి. బొమ్మ లేకుండా వింటున్నాను. ఆరో నిమిషంలో సైరన్. బాయి, అంటే బొగ్గు గని, షిఫ్టు సైరన్. అది మోగిన వెంటనే బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు. పదిహేనో నిమిషంలో మళ్ళీ సైరన్, మళ్ళీ అదే మూత. తాత పోయి పదేళ్ళయిందని సినిమా మొదట్లోనే చెప్పావు. బాయికి వెళ్ళేవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా సైరన్ మోగితే ఆవిడ చెయ్యి బియ్యం డబ్బా మీదికి వెళుతుంది. ఎవరికోసం వండుతుందో నువ్వు ఎక్కడా చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. బొమ్మ చూస్తున్నప్పుడు నేనది గమనించలేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే నీ కెమెరా అందమైన ఖాళీ గదిని చూపిస్తోంది. నా కళ్ళు అటు పోయాయి. చెవులు మాత్రం పట్టుకున్నాయి.

అది ఓజు సినిమాల్లో లేదు. రాయ్ దగ్గర లేదు. సింగరేణి క్వార్టర్స్‌లో పెరిగి, ఆ సైరన్‌కు నిద్ర లేచి, ఆ సైరన్‌కు బడికి వెళ్ళిన పిల్లకు తప్ప ఇంకొకరికి తట్టదు. మెచ్చుకుంటూ వచ్చిన కామెంట్లు కొన్ని వందలు చదివాను, ఒక్కరూ దాని ఊసెత్తలేదు. తిట్టినాయనా ఎత్తలేదు. నీ ఉత్తరంలో నువ్వూ ఎత్తలేదు. ఏడు నెలలు నీది అనేది ఏమైనా ఉందా అని తలలో వెతుకుతున్నావు. ఉన్నది ట్రాక్‌లో ఉంది.

యాస గురించి ఎక్కువ చెప్పను, మీ అమ్మగారు చెప్పేశారు. ఒక్క మాట. కొత్తగూడెం బాయిల ఊరు. బాయి పనికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు, ఆ మాటలన్నీ ఒక క్యాంటీనులో, ఒక బస్సులో కలిసిపోయాయి. వరంగల్ నాన్న, నూజివీడు అమ్మ ఉన్న ఇంట్లో ఒకే వాక్యంలో ‘ఉల్లిగడ్డ’, ‘ఉల్లిపాయ’ రెండూ దొర్లితే అది కల్తీ కాదు, ఆ ఊరి భాషే అది. నువ్వు ఇంటర్వ్యూలో పెంచి మాట్లాడిన యాస కొత్తగూడెంలో ఎవరూ మాట్లాడరు. అది సినిమాల్లో మాట్లాడే యాస. చూశావా, సినిమాల ప్రభావం పోగొట్టుకోవాలని సినిమాలు మానేశావు, అది వచ్చి నీ నాలుక మీద కూర్చుంది. ఈసారి మైకు ముందు మీ అమ్మతో ఫోన్లో ఎలా మాట్లాడతావో అలా మాట్లాడు. ‘అనుకున్నంత రూటెడ్‌గా లేదే’ అని యాంకర్ ముఖం చిన్నబోతే పోనీ.

పేరు సంగతి. పేరు రావడం చెడ్డదని నేను అనను, అలా అనేవాళ్ళకు చాలావరకు పేరు రాలేదు. విశ్వనాథ్ గారి ‘సాగర సంగమం’లో ఒక సీనుంది, 1983 సినిమా, నీకు తెలిసే ఉంటుంది. ఢిల్లీలో జరిగే నృత్యోత్సవం ఆహ్వాన పత్రిక తెచ్చి మాధవి బాలు చేతిలో పెడుతుంది. అతను పేజీలు తిప్పుతాడు. ఒక్కో పేజీలో ఒక్కో మహానుభావుడి ఫొటో. ఒక్కొక్కరినీ చూసి పొంగిపోతుంటాడు. ఇంకో పేజీ తిప్పితే తన ఫొటో. ఆ సీను ఎన్నిసార్లు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ కుర్రాడికి దక్కింది పేరే. కానీ వాడు కన్నీళ్ళు పెట్టుకుంది నలుగురూ గుర్తుపడతారని కాదు, ఎవరి పేజీల పక్కన తన పేజీ పడిందో చూసి. నీకు కాస్త పేరు వచ్చింది, దానితోపాటు ఓజు ఫ్రేముల పక్కన నీ ఫ్రేములూ పడ్డాయి. ఆ పోస్టు చేసినాయన తిడుతున్నాననుకున్నాడు గానీ, ఇరవై రెండు నిమిషాల సినిమా తీసిన కొత్తగూడెం పిల్లకు ఇంతకన్నా మంచి ఆహ్వాన పత్రిక ఎవరిస్తారు?

పేరులో విషం ఎక్కడుంటుందో నా సొంత కథ చెప్తాను. మద్రాసులో అసిస్టెంటుగా ఏళ్ళు చేశాక ఒక సినిమాకు ఎడిటర్‌గా అవకాశమొచ్చింది. అందులో గుడి గంట మోత మధ్యలో కట్ చేసి, దాని తోకను సైకిల్ బెల్లుకు అతికించాను. గుళ్ళో ముసలావిడ, బయట సైకిల్ మీద కొడుకు. ఆ ఐడియా నాది కాదు, ఫిల్మ్ సొసైటీలో చూసిన ఏదో రష్యన్ సినిమాది. కానీ ఆ కథకు అతికింది. సినిమా ఆడింది. ఇక అక్కడినుంచి నాలుగేళ్ళు, ఏ నిర్మాత వచ్చినా ‘ఆ గంట కట్ మాకూ వెయ్యండి’. గంట నుంచి ఫోను, గంట నుంచి రైలు, గంట నుంచి జైలు. పరిశ్రమలో నా పేరు ‘గంట’ అయిపోయింది. రష్యన్ సినిమా నుంచి ఒక్కసారి ఎత్తాను, నా దగ్గర నేను ఎన్నిసార్లు ఎత్తానో లెక్కలేదు. మొదటిదానికి ఎవరూ దొంగ అనలేదు, రెండోదానికి డబ్బులిచ్చారు. ఐదో ఏడు ఒక డైరెక్టర్ రష్, అంటే ఇంకా కట్ చేయని ఫిల్మ్, చూసి ‘ఇక్కడ గంట వద్దండీ, నిశ్శబ్దంగా పోనిద్దాం’ అన్నప్పుడు నాకు కాళ్ళు వణికాయి. గంట లేకుండా ఎలా కట్ చేయాలో మరిచిపోయాను.

చేసిందే మళ్ళీ చేయడం తప్పని దీన్నిబట్టి అనుకోకు. ఓజు ఏళ్ళ తరబడి దాదాపు అదే సినిమా తీశాడు. కూతురి పెళ్ళి, ఒంటరి తండ్రి, అదే ఇల్లు, అదే కెమెరా ఎత్తు. తాను టోఫు చేసేవాణ్ణని, తన దగ్గర వేరే వంటకాలు అడగొద్దని చెప్పుకునేవాడు. మన భాషలో ఇడ్లీ కొట్టువాడు అనుకో. కానీ ఆ ఇడ్లీ ఆయనకు కావాలి కాబట్టి వేశాడు. నా గంట నాకు అక్కర్లేదు, వాళ్ళకు కావాలి.

నిర్మాత ఇస్తానన్న అడ్వాన్సు దగ్గరికొస్తే, మూడు సినిమాల అగ్రిమెంటు మీద సంతకం పెట్టకు. ఒక సినిమాకైతే మాట్లాడు. ‘అదే ఫ్లేవర్’ అన్నది కాగితం మీద ఎలా రాస్తారో అడుగు, రాయలేరు, అప్పుడు ఆ మాట వాళ్ళే వదిలేస్తారు. కథ ఒక పేజీ రాసి నీ పేరు మీద రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించాకే చెప్పు. అడ్వాన్సు తీసుకుంటే ఎన్నాళ్ళకు తిరిగివ్వాలి, సినిమా ఆగితే కథ ఎవరిది అన్నవి రాతలో ఉండాలి. నీకు తెలిసిన లాయరు లేకపోతే ఒక కో-డైరెక్టర్‌నైనా వెంటబెట్టుకుని వెళ్ళు. కాఫీ ఇచ్చి సంతకం అడిగితే కాఫీ మాత్రం తాగు. రెండు నెలల అద్దెకు మూడు సినిమాలు రాసిచ్చే రోజు ఇంకా రాలేదు, అసిస్టెంటుగా ఇంకో సినిమాకు చేరు. నీ ఇరవై రెండు నిమిషాలు చూసినవాళ్ళు నీకు ఆ పని ఇస్తారు. అది కూడా పేరు వల్ల వచ్చిన లాభమే, వాడుకో.

ఈ రాత్రే ఒక సినిమా చూడు. ఓజుదే చూడమంటాను. పక్కపక్కన పెట్టడానికి కాదు, ఏడు నెలలు ఆకలితో ఉన్నావు కాబట్టి. తర్వాత కొత్తగూడెం వెళ్ళి ఆ సైరన్ మళ్ళీ రికార్డు చెయ్యి. నీ సినిమాలో ఉన్నది ఫోన్ మైకుదిలా ఉంది, చివర చిరిగిపోతోంది.

ఒక్క సంగతి మాత్రం నాకు రాసి పంపు. పదహారో నిమిషంలో నానమ్మ అలమరాలోంచి స్టీలు క్యారేజీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టేస్తుంది. మూత మీద చెక్కించిన పేరు సగమే కనబడింది. ఆపి చూశాను. తాతగారి పేరు మొదట్లో టైటిల్స్‌లో వేశావు కదా, ఇది ఆ పేరు కాదు. ఆడమనిషి పేరులా ఉంది. ఎవరిదమ్మా అది?